వాట్లు తర్వాత, ముందు ఆ పలక విప్పండి

కారులో పాట సరిగా వినిపించడం లేదని షాపుకెళ్తే మన దగ్గర మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఎన్ని వాట్ల స్పీకర్లు కావాలి? నా ఉద్దేశంలో ఆ ప్రశ్న చివర అడగాల్సింది. వెనక అద్దం కింద, సీటుకూ డిక్కీకీ మధ్య ఒక పలక ఉంటుంది. ముందు దాన్ని విప్పి చూడాలి. దాని కింద ఏ క్లిప్పు విరిగింది, ఏ వైరు ఇనుముకు కొట్టుకుంటోంది, ఏది వదులైంది అన్నది తేలాకే కొత్త స్పీకర్ల మాట ఎత్తాలి. ఇలా విప్పి, చప్పుడు మాన్పి, మళ్లీ బిగించే చేతిపనికి మన ఊళ్లలో తగిన ధర లేదు. దానికి కావలసిన చిన్న సామాను సులువుగా దొరకదు. ఆ పని ఎలా చేయాలో కంపెనీలు బయటివారికి చెప్పవు. ఈ మూడూ మారాలి.

నేను కరీంనగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. అత్తగారిల్లు ఆదిలాబాద్. పండగకైనా పెళ్లికైనా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్, నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా వెళ్తాం. మాది పాత సెడాన్. వెనక సీట్లో అత్తమ్మ కూర్చుంటుంది. పాటంటే ఆమెకు ప్రాణం, వినికిడి మాత్రం తగ్గింది. వెనక స్పీకర్లు ఆమె తలకు జానెడు దూరంలోనే ఉంటాయి, అయినా ఒకసారి ఆమె అన్నమాట ఇది: "పాట ఏడ ఇనవడ్తుందే బిడ్డా, డబ్బల రాళ్లు పోసి ఊపినట్టు నెత్తి ఎనుక ఒక్కటే లొల్లి." ముందు సీట్లో ఉన్నవారికి ఆ చప్పుడు దూరంగా, చిన్నగా తెలుస్తుంది. ఆమెకు అది చెవిలోనే మోగుతోంది. కారు సౌండ్ గురించి మాట్లాడేవాళ్లంతా స్టీరింగ్ పట్టుకున్నవాడి చెవితో మాట్లాడతారు. వెనక కూర్చునే అమ్మానాన్నల, పిల్లల చెవి లెక్కలోకి రాదు.

మన ప్రాంతపు కార్లకు ఈ జబ్బు కొంచెం ఎక్కువే. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేల. పత్తికి బంగారం లాంటి నేల, రోడ్డుకు మాత్రం కష్టం. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని పగుళ్లిస్తుంది. పైన వేసిన తారు ఎంత బాగున్నా అడుగున నేల కదిలితే ఎగుడుదిగుడు తప్పదు. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ బండలు మోసే లారీలు, మానేరు ఇసుక లారీలు, గోదావరిఖని వైపు వెళ్తే బొగ్గు టిప్పర్లు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు పదహారింతలు అవుతుందని అమెరికాలో 1950ల చివర ఇల్లినాయిస్ రాష్ట్రంలో జరిగిన పెద్ద రోడ్డు పరీక్ష తేల్చింది. ఆ లెక్క మన రోడ్ల మీద కళ్లారా కనిపిస్తుంది. ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. ఊళ్లలో అడుగు వెడల్పున, మోకాలెత్తున కంకర గుట్ట పోసి అదే స్పీడ్ బ్రేకర్ అనుకోమంటున్నారు. వాటి మీద నుంచి దూకిన ప్రతిసారీ కారు వెనక భాగం అదిరి, పలకను పట్టుకున్న ప్లాస్టిక్ క్లిప్పు కొంచెం కొంచెంగా వదులవుతుంది.

దానికి తోడు మన ఎండ. రామగుండం, ఆదిలాబాద్ వేసవిలో 45 డిగ్రీలు కొత్త కాదు. అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారు లోపల బయటికన్నా ఇంకో ఇరవై డిగ్రీల పైన చేరుతుంది. వెనక అద్దం వాలుగా ఉంటుంది కాబట్టి ఎండ నేరుగా ఈ పలక మీదే పడుతుంది. కారు లోపలి భాగాల్లో ఎక్కువ కాలేవాటిలో ఇదొకటి. పైన అతికించిన గుడ్డ ఊడుతుంది, అట్ట వంగుతుంది, స్పీకర్ అంచున ఫోమ్ ఉంటే పిండి పిండిగా రాలుతుంది, క్లిప్పులు పెళుసెక్కుతాయి. చలికాలం ఆదిలాబాద్ పొద్దున ప్లాస్టిక్ గట్టిపడి, ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటుంది. ఎండాకాలం లొడలొడ, చలికాలం కిర్రుకిర్రు. ఏడాదంతా పాటకు తోడు ఇంకో పాట.

నా సబ్జెక్టు కాబట్టి ఒక్క మాట. ప్రతి వస్తువుకూ తనదైన ఒక కంపన వేగం ఉంటుంది. అదే వేగంలో బయటి నుంచి ఊపు తగిలితే ఆ వస్తువు విపరీతంగా ఊగుతుంది. పదో తరగతి దాటినవారందరూ అనునాదం పేరుతో చదువుకున్నదే. పాటలో డోలు, డప్పు, బేస్ గిటారు వచ్చినప్పుడు స్పీకర్ తనతో పాటు కింది రేకును, పైన పలకను కూడా ఊపుతుంది. పలక బిగువుగా ఉంటే ఊపు అక్కడే ఆగుతుంది. వదులుగా ఉంటే రేకును టకటకా కొడుతుంది. ఊపింది బేస్ అయినా కొట్టుకున్నప్పుడు పుట్టే చప్పుడు సన్నది, పదునైనది. మన చెవి సెకనుకు 2,000 నుంచి 5,000 కంపనాల మధ్య ఉన్న ధ్వనిని బాగా పట్టుకుంటుంది. త, ట, చ, స లాంటి హల్లులు తేటగా తెలియడానికి కావలసినదీ చాలావరకు ఆ మేరలోనే ఉంటుంది. ఆ చోటికే ఈ లొడలొడ వచ్చి కూర్చుంటుంది. అందుకే రాగం వినిపిస్తుంది కానీ మాట తెలియదు.

తెలుగు పాటకు మాటే ప్రాణం. పాత కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సినారె 1962లో 'గులేబకావళి కథ'తో సినిమా పాటలోకి అడుగుపెట్టారు. ఆయన పాట వింటూ మాట అందకపోతే ఇక విన్నదేమిటి? ఒగ్గుకథలో డోలు ఎంత ముఖ్యమో, కథకుడు గబగబా అల్లుకుపోయే మాట అంత ముఖ్యం. గుస్సాడీ డప్పులను రికార్డులో వింటే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఖాళీ తెలియాలి. ఆ ఖాళీలో పలక కొట్టుకుంటే లయ చెడుతుంది. వెయ్యి వాట్లు పెట్టినా ఇది బాగుపడదు. ఊపు పెరిగిన కొద్దీ పలక ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది.

మా కారు పలక విప్పింది కరీంనగర్‌లో ఒక చిన్న షెడ్డులో పనిచేసే మెకానిక్. నేను స్పీకర్ల ధర అడిగితే అతనన్నాడు: "స్పీకర్లు ఎప్పుడన్న ఏస్కోవచ్చు మేడం. ముందుగాల ఈ సప్పుడు ఏడికెళ్లి వస్తుందో సూద్దాం." ఫోనులో 30 నుంచి 200 కంపనాల దాకా మెల్లగా పెరిగే శబ్దం పెట్టి, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, పలక మీద ఒక్కోచోట అరచేత్తో నొక్కమన్నాడు. చెయ్యి ఎక్కడ పెడితే చప్పుడు ఆగుతుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. ఖర్చు లేని పరీక్ష ఇది. ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు.

ఆ తర్వాత పని ఒక క్రమంలో సాగింది. మొదట బ్యాటరీ నెగటివ్ వైరు తీసి కాసేపు ఆగాలి. పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారైతే ఇది తప్పనిసరి, ఎందుకంటే వెనక స్తంభం తొడుగు వెనకాలే ఆ బ్యాగు ఉంటుంది. అలాంటి కారు తొడుగు జోలికి తెలియనివారు పోకూడదు. తర్వాత సీటు అడుగు భాగం పైకి లాగాలి, వీపు భాగం బోల్టులు విప్పాలి, స్తంభాల తొడుగులు ప్లాస్టిక్ పట్టీతో లేపాలి. ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలిస్తే తొడుగుకు గాటు పడుతుంది, క్లిప్పు విరుగుతుంది. మూడో బ్రేక్ లైటు కప్పు తీసి, సీటు బెల్టులను వాటి సందుల్లోంచి జార్చి, అప్పుడు పలకను ముందుకు లాగాలి. చలి పొద్దున కాకుండా కారు కాస్త వెచ్చగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకుంటే క్లిప్పులు మెత్తగా వస్తాయి.

మా పలక కింద దొరికినవి: కొండగట్టు అంజన్న దగ్గర బండి పూజ నాటి అక్షింతలు, ఎండిన బంతిపూల రేకులు, చిల్లర నాణేలు, ఒక పెన్ను మూత. అసలు దోషులు మాత్రం వేరే. విరిగిన క్లిప్పులు, వదులైన బ్రేక్ లైటు కప్పు, ఎప్పుడో బయట వేయించిన వైరు టేపు లేకుండా రేకు మీద పడి ఉండటం. అతను రేకును తుడిచి, డొల్లగా మోగే చోట్ల మాత్రమే బ్యూటైల్ రబ్బరు మీద అల్యూమినియం పొర ఉన్న షీటు ముక్కలు అతికించాడు. రేకంతా కప్పాల్సిన పని లేదు. మోగే చోట నాలుగో వంతు కప్పినా ఊపు బాగా తగ్గుతుంది. ఇంటి పైకప్పుకు వాడే తారు షీటును చవకని తెచ్చి వేసేవారున్నారు. మన ఎండకు అది కరిగి కారుతుంది, వాసన వేస్తుంది. పలక రేకును తాకే అంచులకు గుడ్డ టేపు, వైర్లకు గుడ్డ చుట్టు, విరిగిన క్లిప్పుల చోట కొత్తవి. థర్మోకోల్ ముక్కలు దూర్చడం మానాలి, అవే కొత్తగా కీచుమంటాయి.

ఇదంతా అయ్యాక, కొత్త స్పీకర్ పెట్టకముందే, అత్తమ్మకు మాట తెలిసింది.

కొత్త స్పీకర్లు వద్దని నేననడం లేదు. కంపెనీ వేసిన కాగితం స్పీకరు ఏళ్ల తరబడి ఎండకు ఎండితే మార్చాల్సిందే, పలక విప్పి ఉన్నప్పుడే ఆ పని పూర్తి చేసుకోవడం తెలివి. కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసిన 400, 500 వాట్లు చూడొద్దు. అది క్షణకాలం తట్టుకునే గరిష్ఠం. ఆర్‌ఎంఎస్ అన్న అంకె చూడండి. నాలుగు చానళ్లకు 50 వాట్ల చొప్పున అని రాసి ఉన్న మామూలు స్టీరియో ఎడతెగకుండా ఇచ్చేది చాలావరకు 20 వాట్లకు అటూ ఇటూ. దానికి 500 వాట్ల స్పీకర్ తగిలించి లాభం లేదు. దానికన్నా సెన్సిటివిటీ అంకె ముఖ్యం. 87 డెసిబెల్స్ స్పీకర్ బదులు 90 డెసిబెల్స్‌ది పెడితే, మూడు డెసిబెల్స్ తేడా అంటే స్టీరియో శక్తిని రెట్టింపు చేసినంత. అంచు ఫోమ్‌ది కాక రబ్బరుది తీసుకోవాలి. ఒక్కరే నడుపుకునేవారైతే ఆ డబ్బు ముందు తలుపుల స్పీకర్లకు పెట్టడమే మేలు.

స్పీకర్ బిగింపులోనూ పనితనమే నిలుస్తుంది. వెనక పలక స్పీకరుకు డిక్కీయే పెట్టె. స్పీకర్ చుట్టూ సందు ఉంటే ముందు నుంచి వచ్చే గాలి అల, వెనక నుంచి వచ్చే అల కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బేస్ పోతుంది. చుట్టూ ఫోమ్ పట్టీ వేసి బిగిస్తే అదే స్పీకర్ నిండుగా పలుకుతుంది. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్ మైనస్ తారుమారైనా ఇదే గతి. 1.5 వోల్టుల గడియారం సెల్లు తాకించి కోను బయటికి కదులుతుందా లోపలికా చూస్తే నిమిషంలో తేలిపోతుంది. కంపెనీ వైరు కోయకుండా సరిపడే కప్లర్ పెట్టించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆరు అంగుళాల స్పీకర్ తీసి ఆరుకు తొమ్మిది అంగుళాల కోడిగుడ్డు ఆకారంది పెట్టాలని రేకును కోయనివ్వకండి. సెడాన్‌లో ఆ రేకు కారు ఒళ్లు మెలిక పడకుండా ఆపే అడ్డపట్టీ. కోసిన అంచు తుప్పు పట్టడం ఇంకో నష్టం.

ఇక్కడే ప్రాణాల సంగతి కూడా ఉంది. చాలా సెడాన్లలో వెనక సీటు బెల్టు చుట్టలు, పిల్లల సీటు పైపట్టీని కట్టే కొక్కెం, మూడో బ్రేక్ లైటు ఈ పలక కిందా పైనా ఉంటాయి. సెంట్రల్ మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందుకు చూస్తూ కూర్చునే వెనక సీటువారూ బెల్టు పెట్టుకోవాలి. 2022 సెప్టెంబర్ 4న పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో వెనక సీట్లో ఉన్న సైరస్ మిస్త్రీ చనిపోయాక ఆ సంగతి దేశమంతా మాట్లాడుకుంది. పలక బిగించాక ప్రతి బెల్టును మెల్లగా లాగి చూడండి, ఒక్కసారి గుంజి పట్టుకుంటుందో లేదో చూడండి. బెల్టు బోల్టు విప్పి ఉంటే, కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. బ్రేకు తొక్కి పైన లైటు వెలుగుతుందా అని వెనక నిలబడి ఎవరైనా చూడాలి. ఆదిలాబాద్ చలికాలపు మంచులో వెనక వచ్చే లారీ డ్రైవరుకు కంటి ఎత్తులో కనబడేది అదే. పలక మీద విడిగా స్పీకర్ పెట్టెలు, బరువైన బొమ్మలు పెట్టడం కూడా మానాలి. గట్టిగా బ్రేకు పడితే అవి కారు వేగంతోనే ముందుకు వస్తాయి. మొదట తగిలేది వెనక కూర్చున్నవారి తలకే.

"ఇదంతా పూటంతా పట్టే పని మేడం, ఎవరిస్తరు పైసలు?" అని ఆ మెకానిక్ అడిగిన ప్రశ్న దగ్గరే అసలు చిక్కు ఉంది. స్పీకర్ అమ్మితే షాపుకు లాభం వస్తుంది, అర గంటలో పని తేలుతుంది. చప్పుడు మాన్పే పనికి అమ్మే సరుకు లేదు, గంటల కొద్దీ ఓపిక కావాలి. వేల రూపాయల స్పీకరుకు మారు మాట్లాడకుండా డబ్బిచ్చే మనం, కూలి దగ్గర వందకోసం బేరమాడతాం. అందుకే షాపులు మనకు వాట్లు అమ్ముతున్నాయి. నేను షాపులను తప్పు పట్టను. ధర దేనికి కడితే పని అటే పోతుంది.

రెండో చిక్కు సామాను. మా కారు క్లిప్పులు మన దగ్గర దొరక్క హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. పది ఇరవై రూపాయల వస్తువు కోసం కారు విప్పి ఎదురుచూడాలి. ఎదురుచూడలేనివారు గమ్ పోసి అతికిస్తారు, మళ్లీ విప్పినప్పుడు పలకే విరుగుతుంది. ఈ కరువు కొత్తది కాదు. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఆ జరిమానాపై తర్వాత అప్పీళ్లు నడిచాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలూ అందులో ఉన్నాయి. అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనే కార్ల మరమ్మతు హక్కు చట్టానికి ఓటేశారు, 2020లో మళ్లీ వేశారు. పోర్టల్ మంచిదే. కానీ మంచిర్యాలలో, ఉట్నూర్‌లో షెడ్డు పెట్టుకున్న కుర్రవాడికి ఏ క్లిప్పు ఎటు లాగాలో, ఏ బోల్టు ఎంత బిగించాలో తెలుగులో బొమ్మలతో దొరికినప్పుడే ఆ హక్కు అతని చేతికొచ్చినట్టు.

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. ప్రతి కంపెనీ తన మోడళ్ల క్లిప్పులు, తొడుగులు జిల్లా కేంద్రాల కౌంటర్లలో విడిగా, ధర రాసి అమ్మాలి. పలకలు విప్పే పద్ధతిని, ఎయిర్‌బ్యాగు జాగ్రత్తలను తెలుగులో ఉచితంగా అందరికీ అందుబాటులో పెట్టాలి. కరీంనగర్, ఆదిలాబాద్ ఐటీఐల్లో మోటారు మెకానిక్ చదివే పిల్లలకు ఇంజిన్‌తో పాటు లోపలి తొడుగుల పని, వైరింగ్ శుభ్రత, చప్పుడు వెతికే పద్ధతి నేర్పాలి. రాబోయే ఎలక్ట్రిక్ కార్లలో ఇంజిన్ మోత ఉండదు కాబట్టి చిన్న లొడలొడ కూడా పెద్దగా వినబడుతుంది. ఈ పని తెలిసిన చేతికి గిరాకీ పెరగడమే గానీ తగ్గదు. షాపులు బిల్లులో స్పీకర్ ధర వేరు, చేతిపని ధర వేరు రాయాలి. విప్పిన పాత క్లిప్పులు, తీసిన స్పీకర్లు యజమాని చేతికివ్వాలి.

కారున్నవారికి నా మాట: పలక విప్పేటప్పుడు పక్కనే ఉండండి, పని చూడండి. వెనక సీట్లో మీ ఇంటి పెద్దవారిని కూర్చోబెట్టి, వారికి మాట స్పష్టంగా అందుతోందని వారు చెప్పాకే పని అయిందనండి. అయ్యాక మెకానిక్ అడిగిన కూలి బేరం లేకుండా చేతిలో పెట్టండి. మన ఊళ్లో ఇంకో మంచి మెకానిక్ తయారయ్యేది ఆ డబ్బుతోనే.